రెండు లక్షల ల్యాప్‌టాప్ కొనిస్తే మా వాడు ఎడిటర్ అవుతాడా?

ప్రశ్న: మాది పాలకొల్లు. మా అబ్బాయి ఇంటర్ ఎంపీసీ పూర్తి చేశాడు, మార్కులు ఓ మోస్తరు. బీటెక్ వద్దు, వీడియో ఎడిటింగ్ నేర్చుకుంటానంటున్నాడు. 2 లక్షల 20 వేల మ్యాక్‌బుక్ కావాలట. షాపులో అడిగితే లక్షా 60 వేలకు డెస్క్‌టాప్ కట్టిస్తానన్నాడు, కొటేషన్ జత చేశాను. హైదరాబాద్‌లో ఒక ఇన్‌స్టిట్యూట్ వాళ్లు ఏఐ, వీఎఫ్ఎక్స్ (సినిమా గ్రాఫిక్స్), ఎడిటింగ్ కలిపి ఏడాదిన్నర కోర్సు, 3 లక్షలు, ఉద్యోగం గ్యారంటీ అంటున్నారు. చదువు అబ్బనివాళ్లు చేసే పని అది అని మా బావమరిది అంటాడు. ఇంట్లో పాత ఐ3 కంప్యూటర్ ఉంది. ల్యాప్‌టాపా, డెస్క్‌టాపా, కోర్సా, ఏది తీసుకోమంటారు?

జవాబు: సార్, మీ ఉత్తరం పైన కుదించి పెట్టాను. అసలు దాంట్లో కంప్యూటర్ గురించి నాలుగు లైన్లుంటే మీ బావమరిది గారి గురించి పద్నాలుగున్నాయి. ర్యామ్ ఎంత ఉండాలన్నది మీ టెన్షన్ కాదని అక్కడే తెలిసిపోయింది. రేపు ఏ పెళ్లిలోనో ఎవరైనా "మీ వాడేం చేస్తున్నాడు" అని అడిగితే ఏం చెప్పాలన్నదే మీ బాధ. ఇలాంటి ఉత్తరాలు నాకు వస్తూనే ఉంటాయి. ఊరు మారుతుంది, మెషీన్ ధర మారుతుంది, బావమరిది ప్లేసులో ఒక్కోసారి పెదనాన్న ఉంటాడు, అంతే తేడా. పైగా మీరు రాస్తున్నది పాలకొల్లు నుంచి! అల్లు రామలింగయ్య గారు, దాసరి నారాయణరావు గారు పుట్టిన ఊళ్లో కూర్చుని సినిమావాళ్ల పని ఓ పనేనా అని అడిగితే నేనేం చెప్పాలండీ.

చదువు అబ్బనివాళ్ల పని అన్నారు కదా, ఆర్ఆర్ఆర్ ఎడిట్ చేసిన శ్రీకర్ ప్రసాద్ గారు లిటరేచర్‌లో డిగ్రీ చేసి, తండ్రి అక్కినేని సంజీవి గారి దగ్గర ఎడిటింగ్ రూములో పని నేర్చుకున్నారు. జాతీయ అవార్డులు ఎన్నిసార్లు తీసుకున్నారో మీ బావమరిది గారినే చూసి చెప్పమనండి. మీ వాడు ఆయనంత అవుతాడని నేను అనడం లేదు, అలాంటి మాట చెప్పి ఫీజు తీసుకునేవాళ్లు హైదరాబాద్‌లో బోలెడుమంది ఉన్నారు. పనిని చిన్నచూపు చూడొద్దంటున్నా, అంతే.

సరే, అడిగారు కాబట్టి మెషీన్ సంగతి. అంతకంటే ముందు ఒక ముక్క అర్థమైతే సగం డబ్బులు మిగులుతాయి. ఫోన్లూ కెమెరాలూ ఎక్కువగా హెచ్.264, హెచ్.265 అనే పద్ధతుల్లో వీడియో దాస్తాయి. వాటిల్లో ప్రతి ఫ్రేమూ పూర్తి బొమ్మ కాదు. ఎక్కడో ఒక ఫ్రేము పూర్తిగా ఉంటుంది, తర్వాత వచ్చేవి చాలావరకు "పక్క ఫ్రేముకీ దీనికీ ఇక్కడ ఇంత తేడా" అని రాసుకున్న చిట్టీల్లాంటివి. వరసగా చూసేటప్పుడు ఇబ్బంది లేదు. ఎడిటింగ్ అంటే వరసగా చూడటం కాదు కదా, ముందుకీ వెనక్కీ లాగుతూ ఉంటాం, లాగిన ప్రతిసారీ మెషీన్ ఆ చిట్టీలన్నీ కూడుకుని బొమ్మ తయారుచేయాలి. అందుకే ముక్కుతుంది. ముక్కగానే మీ వాడు "నాన్నా, మ్యాక్‌బుక్" అంటాడు.

దీనికి ఎప్పట్నుంచో ఉన్న ఉపాయం ప్రాక్సీ. అసలు ఫైళ్లు పక్కన పెట్టి, వాటికి తేలిగ్గా ఉండే చిన్న కాపీలు తయారుచేసుకుని, ఎడిటింగంతా ఆ కాపీల మీద చేసి, చివర్లో సాఫ్ట్‌వేర్‌కి చెబితే అసలు ఫైళ్లను మళ్లీ జతచేసి బయటకు తీస్తుంది. ఎడిటింగ్ కోసమే యాపిల్ తయారుచేసిన ప్రోరెస్ అనే పద్ధతిలో లెక్క చెప్తాను: 4కే వీడియో, సెకనుకు 30 ఫ్రేములు, ప్రోరెస్ 422లో పెడితే గంటకు సుమారు 265 జీబీ. అదే గంట 1080 సైజులో ప్రోరెస్ ప్రాక్సీగా చేస్తే 20 జీబీ. పెద్ద సినిమాలకు కూడా ఎడిటింగ్ టేబుల్ మీద కనపడేది ఇలాంటి తేలిక కాపీయే, కెమెరా ఒరిజినల్ మళ్లీ డీఐకి, అంటే చివర్లో రంగులు సరిచేసే దశకి, వెళ్లేటప్పుడే బయటకొస్తుంది. మీ వాడికి ఈ సంగతి తెలుసా అని అడగండి. తెలియకపోతే మెషీన్ మాట అప్పుడే వద్దు.

మీరు పంపిన కొటేషన్ చూశాను. గాజు క్యాబినెట్, రంగురంగుల లైట్లు, లిక్విడ్ కూలర్... గేములాడే కుర్రాళ్లకు అమ్మే సరుకు ఇది. ప్రాసెసర్ పేరు చివర ఎఫ్ అనే అక్షరం ఉంది చూశారా, ఇంటెల్‌లో ఆ అక్షరం ఉంటే లోపల గ్రాఫిక్స్ ఉండదని అర్థం. కొంచెం తక్కువకు వస్తుందని షాపువాళ్లు అది వేసేస్తారు. ఎడిటింగ్‌కి మాత్రం ఆ లోపలి గ్రాఫిక్సే చాలా పని చేస్తుంది. ఇప్పటి సోనీ, క్యానన్ కెమెరాల్లో రంగుల వివరం ఎక్కువ దాచే 4:2:2 10 బిట్ హెచ్.265లో తీస్తే, ఎన్‌విడియా 4060 లాంటి గ్రాఫిక్స్ కార్డు కూడా దాన్ని నేరుగా విప్పలేదు, 11వ తరం నుంచి వచ్చిన ఇంటెల్ గ్రాఫిక్స్ విప్పుతుంది. కాబట్టి ఎఫ్ తీసేయమనండి, లైట్లూ లిక్విడ్ కూలరూ తీసేయమనండి, మిగిలిన డబ్బుతో ర్యామ్ 16ని 32 జీబీ చేయించండి. వేరే ఎస్ఎస్‌డీ (వేగంగా పనిచేసే డిస్కు) ఒకటి ప్రాజెక్టులకి, ఇంకా రెండు మామూలు హార్డ్‌డిస్కులు. రెండెందుకో కింద చెప్తాను.

మ్యాక్ చెడ్డదని కాదు. పెద్దగా చప్పుడు చేయదు, అంతగా వేడెక్కదు, ఆ 4:2:2 గొడవ దానికి లేదు, యాపిల్ వాళ్ల ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ ఫైనల్ కట్ దాంట్లోనే దొరుకుతుంది. కానీ కొన్న రోజు ఎంత మెమరీ ఉందో చచ్చేదాకా అంతే, తర్వాత పెంచలేరు. ఏదన్నా పాడైతే పాలకొల్లులో మూత విప్పేవాడు దొరకడు. డెస్క్‌టాప్ అయితే ఈ ఏడాది కొంచెం, మీ వాడు సంపాదిస్తే వచ్చే ఏడాది ఇంకొంచెం వేసుకోవచ్చు. ఇక సాఫ్ట్‌వేర్‌కి డబ్బులు కట్టకండి, దొంగ కాపీ అసలే వద్దు. డావిన్చీ రిజాల్వ్ అనే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ ఉచిత వెర్షన్ 4కే దాకా బయటకు తీస్తుంది, దాన్ని తయారుచేసే బ్లాక్‌మ్యాజిక్ వాళ్లే పాఠాల పుస్తకాలు కూడా ఉచితంగా పెట్టారు. కొన్ని టూల్స్ డబ్బు కట్టే వెర్షన్‌లోనే ఉంటాయి, అది 295 డాలర్లు, ఒకేసారి కడితే చాలు. మీ వాడికి దాని అవసరం ఇంకో ఏడాది వరకు రాదు.

అయితే ఇప్పుడే ఏదీ కొనొద్దు. ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అన్నట్టుంది ఈ వ్యవహారం. ఆ ఐ3 మీద రిజాల్వ్ సరిగా నడవదు కానీ షాట్‌కట్, కేడెన్‌లైవ్ అనే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి, రెండూ ఉచితం, రెండిట్లోనూ ప్రాక్సీ సౌకర్యం ఉంది. మూడు నెలలు టైమివ్వండి. క్షీరారామం గుడి మీద మూడు నిమిషాలు, నర్సాపురం వైపు లేసు అల్లే ఒకావిడ చేతుల మీద మూడు నిమిషాలు, మీ బంధువుల పెళ్లి ఏదన్నా ఉంటే దానిమీద మూడు నిమిషాలు. మాట, శబ్దం, కటింగు అన్నీ వాడే చేయాలి. ఫోన్‌తో తీస్తే ఒక జాగ్రత్త, చాలా ఫోన్లు ఫ్రేముల వేగాన్ని స్థిరంగా ఉంచవు, పది నిమిషాల క్లిప్పులో చివరికొచ్చేసరికి పెదాలు ఒకటంటే మాట ఒకటి వినపడుతుంది. ముందే స్థిరమైన వేగానికి మార్చుకుని మొదలుపెట్టాలి. ఈ గొడవ ఎందుకొచ్చిందా అని మీ వాడు రాత్రి పన్నెండింటి దాకా కూర్చుని వెతికాడంటే మంచి సూచన. విసుగొచ్చి ఫోన్ పట్టుకుని పడుకున్నాడంటే మీకు 2 లక్షలు మిగిలినట్టే.

ఇక ఆ 3 లక్షల కోర్సు. ఇక్కడ కొంచెం గట్టిగా మాట్లాడతాను, ఏమనుకోకండి. ఏఐ అన్న రెండక్షరాలు బోర్డు మీద పెట్టగానే ఫీజు పెరిగిపోవడం ఈమధ్య రోజూ చూస్తున్నాను. వీఎఫ్ఎక్స్‌లో విదేశాల నుంచి మన దేశానికి ఎక్కువగా వచ్చే పని రోటో, పెయింట్, మ్యాచ్‌మూవ్: ఫ్రేము ఫ్రేముకీ బొమ్మ చుట్టూ గీత గీయడం, వైర్లు చెరిపేయడం, కెమెరా కదలికను పట్టుకోవడం లాంటివి. కొత్తగా చేరినవాణ్ణి కూర్చోబెట్టేది కూడా అక్కడే. నాకు తోచినంతలో, ఏఐ మొదట నమిలేది ఆ పనినే. 2023లో హాలీవుడ్ రచయితలు, నటులు సమ్మె చేస్తే ఇక్కడ పని తగ్గింది. 2025 ఫిబ్రవరిలో టెక్నికలర్ అంతటి వీఎఫ్ఎక్స్ సంస్థ కుప్పకూలి, మన బెంగళూరు ఆఫీసులో ఉన్నవాళ్లు కూడా రోడ్డున పడ్డారు. వాళ్లంతా అనుభవం ఉన్నవాళ్లు సార్. ఏడాదిన్నర కోర్సు చేసిన మీ వాడు వాళ్ల పక్కనే క్యూలో నిలబడాలి. ఉద్యోగం గ్యారంటీ అన్నారు కదా, ఆ కాగితం తీసి చదవండి, చాలా చోట్ల ప్లేస్‌మెంట్ అసిస్టెన్స్ అని ఉంటుంది, అంటే నాలుగు ఫోన్ నంబర్లు ఇస్తారన్నమాట. కిందటి బ్యాచ్‌లో ఐదుగురు పిల్లలతో మాట్లాడతాం అనండి. నీళ్లు నమిలితే లేచి వచ్చేయండి. ఏఐ నేర్చుకోవద్దనడం లేదు, మాటల్ని టెక్స్టుగా మార్చడం, శబ్దం శుభ్రం చేయడం లాంటివి సాఫ్ట్‌వేర్‌లోనే వచ్చేశాయి, వారం పనికి ఏడాదిన్నర ఫీజు ఎందుకనే నా ప్రశ్న.

నా సలహా ఏమిటంటే డిగ్రీలో చేర్పించండి, బీఏనో బీకామో, పాలకొల్లులోనో భీమవరంలోనో. పుణెలో ఉన్న ప్రభుత్వ సినిమా శిక్షణ సంస్థ ఎఫ్‌టీఐఐలో గానీ కలకత్తా సత్యజిత్ రాయ్ ఇన్‌స్టిట్యూట్‌లో గానీ సినిమా ఎడిటింగ్ కోర్సుకి డిగ్రీ ఉండాలి, పరీక్ష వివరాలు మీ వాడే చూసుకోగలడు. ఈలోగా దగ్గర్లో ఏదన్నా పెళ్లిళ్ల స్టూడియోలో పొద్దునో సాయంత్రమో కూర్చోమనండి. పెళ్లి వీడియో అని ముఖం చిట్లించకండి.

నా దగ్గరికొచ్చిన ఒక అబ్బాయి సంగతి చెప్తాను. స్టూడియోలో చేరిన మూడో వారం, రెండు మెమరీ కార్డులు చేతికిచ్చి కాపీ చేయమన్నారు. ఒకటి కాపీ అయింది, రెండోది అయిందనుకున్నాడు. మర్నాడు షూటింగుకి కావాలని రెండూ ఫార్మాట్ చేసేశాడు. జీలకర్ర బెల్లం నుంచి తలంబ్రాల దాకా మొత్తం రెండో కార్డులో ఉంది. వాళ్లది ఊళ్లోకెల్లా ఖరీదైన మెషీన్. ఏం లాభం? ఇప్పుడా అబ్బాయి కార్డు బయటకు తీయగానే దానిమీద తెల్ల ప్లాస్టర్ ముక్క అతికిస్తాడు. రెండు హార్డ్‌డిస్కుల్లోకి కాపీ చేసి, ఫైళ్లెన్ని, మొత్తం ఎన్ని జీబీ అని మూడు చోట్లా సరిచూసి, నోటుపుస్తకంలో రాసి, అప్పుడు ప్లాస్టర్ పీకుతాడు. హైదరాబాద్‌లో అసిస్టెంట్ ఎడిటర్‌గా తీసుకున్నప్పుడు అడిగింది ఈ పద్ధతి గురించేనట, మెషీన్ ఏదని ఎవరూ అడగలేదు. రెండు హార్డ్‌డిస్కులు ఎందుకన్నానో అర్థమైందా?

బావమరిది గారి మాటకొస్తే, మీ వాడి గురించి ఆయన్ని అడగడం మానేసి వాణ్ణి అడగండి. మీ ఉత్తరం మొత్తం మీద వాడు తీసిన వీడియో ఒక్కటి కూడా మీరు చూసినట్టు లేదు. పద్దెనిమిదేళ్ల పిల్లాడు తండ్రికి చూపించలేక ఫోన్‌లో దాచుకున్నవి ఏవో ఉండే ఉంటాయి. భయపడకండి, వాడు చెడిపోవడం లేదు, ఇంటర్ అయిన వెంటనే ఏం కావాలో చెప్పగలిగాడు, చాలామంది పిల్లలకు ఆ మాత్రం కూడా తెలియదు. బీటెక్‌లో చేరి మూడో ఏడాది బ్యాక్‌లాగులతో నా దగ్గరికొచ్చే పిల్లల్ని చూస్తే మీకు నిద్ర పట్టదు.

మూడు వీడియోలు అయ్యాక లింకులు పంపమనండి, చూసి రాస్తాను. అప్పుడు డెస్క్‌టాప్ కొంటే దాంతోపాటు యూపీఎస్ కూడా రాయించండి, ఆ కొటేషన్‌లో అది లేదు. మే నెలలో మీ వైపు కరెంటు ఎలా ఉంటుందో నాకంటే మీకే బాగా తెలుసు.