‘నాతో అన్నాడు’, ‘నన్ను అన్నాడు’

ప్రశ్న: ‘నాతో అన్నాడు’, ‘నాకు చెప్పాడు’ అనేవి దాదాపు ఒకే అర్థం ఇస్తుండగా, ‘నన్ను అన్నాడు’ అనగానే నింద ఎందుకు ధ్వనిస్తుంది?

జవాబు: తేడా విభక్తిలో ఉంది. ‘తో’ చేరినప్పుడు ఎదుటి వ్యక్తి వినేవాడు మాత్రమే. ద్వితీయా విభక్తి వచ్చినప్పుడు మాట నేరుగా అతడి మీదే పడుతుంది కనుక, ‘పిల్లవాణ్ని ఏమీ అనకండి’ అంటే తిట్టవద్దనే అర్థం చేసుకుంటాం. ‘చెప్పు’ ధాతువుకు ఈ ప్రయోగం లేదు. కథ, అబద్ధం, పాఠం చెబుతామే కాని అనం.

‘అను’ ధాతువుకున్న గొప్ప విశేషం, మాట్లాడేవారే లేనిచోట కూడా అది పనిచేయడం. తలుపు కిర్రుమంటుంది, మంట భగ్గుమంటుంది, మనసు చివుక్కుమంటుంది. చివరిదానిలో చెవికి వినిపించే శబ్దమే లేదు. అయినా ఆ బాధను అంత సూటిగా పట్టిచ్చే మాట మరొకటి దొరకదు.

‘అనుకొను’లో మాట పెదవి దాటక ఆలోచనగా మిగులుతుంది, ‘అందరూ అనుకుంటున్నారు’ అన్నప్పుడు మాత్రం, సందర్భాన్ని బట్టి, నలుగురూ చెప్పుకొనే మాట కూడా కావచ్చు. ‘మంచివాడనిపించుకున్నాడు’ అంటే ఆ పేరు సంపాదించాడని. ఇక ‘అనబడే’ అనే కర్మణి రూపం చాలాచోట్ల అనవసరం, ‘అనే’ చాలు.