జోల్ట్, జెర్క్, లర్చ్: మీ బస్సు సీన్‌కి ఏది?

మీ ఇంగ్లిష్ కథలో బస్సు సడన్ బ్రేక్ వేసిన చోట జోల్ట్, జెర్క్, లర్చ్‌లలో ఏది పెట్టాలో తేలడం లేదన్నారు. డిక్షనరీలో మూడింటికీ 'కుదుపు' అనే ఉంటే తికమక సహజమే. ఏది కదిలింది, ఎలా కదిలింది అని చూడండి.

జెర్క్ అంటే చటుక్కున లాగినట్టు వచ్చే చిన్న కదలిక. ఫిజిక్స్‌లో త్వరణం మారే రేటుకీ ఇదే పేరు. లిఫ్టు ప్రయాణం సాఫీగా ఉండాలంటే దీన్నే అదుపులో పెట్టాలి. జోల్ట్ బయటి నుంచి తగులుతుంది, ఒళ్లు అదురుతుంది. కరెంటు షాక్‌కీ, ఊహించని వార్తకీ కూడా వాడొచ్చు. లర్చ్‌లో బరువు ఉంది, అదుపు తప్పి తూలడం ఉంది. అలల మీద పడవ, కాళ్లు నిలవని తాగుబోతు దీనికి సరిపోతారు.

అందుకని బ్రేక్ పడగానే బస్సుకి లర్చ్ ఇవ్వండి, నిద్రపోతున్న ముసలాయనకి జోల్ట్ ఇవ్వండి. బస్సు జెర్క్‌తో ఆగిందన్నా తప్పేం కాదు. కానీ నిలబడ్డవాళ్లు ఒకరి మీద ఒకరు పడటం లర్చ్‌లోనే కనిపిస్తుంది, నాకదే నచ్చింది. ఒక జాగ్రత్త: మనిషిని జెర్క్ అంటే తిట్టు.

మీ కథలోనే తర్వాతి పేరాలో, తండ్రి చెయ్యెత్తగానే పిల్లాడు ముడుచుకుపోయాడు కదా, అక్కడ జోల్ట్ తీసేయండి. దెబ్బ పడుతుందని ముందే వెనక్కి తగ్గడం ఫ్లించ్. చప్పుడుకి ఉలిక్కిపడితే స్టార్టిల్.