సంక్రాంతి సెలవుల్లో పండగ పోగొట్టుకోకుండా పుస్తకం చదవడం ఎలా?

అడిగింది ఇదీ: బీటెక్ రెండో ఏడు, సంక్రాంతికి వారం సెలవులు, ఊళ్ళో ఇంటినిండా చుట్టాలు. చిన్నప్పటి నుంచీ ఇంగ్లీషు మీడియం కాబట్టి తెలుగు చదవడం నిదానం. నిరుడు నాలుగు పుస్తకాలు మోసుకెళ్ళి ఒక్కటీ తెరవకుండానే తెచ్చేశారు. ఈసారి ఏం చేయాలి?

నాలుగు తీసుకెళ్ళడమే అసలు ఇబ్బంది. వారంలో రెండు రోజులు ప్రయాణాలకే పోతాయి. భోగి, పెద్ద పండగ ఇంటివాళ్ళవి, వాటి జోలికి వెళ్ళకండి. మిగిలిన రోజుల్లో కూడా దొరికేవి ముక్కలు ముక్కలుగా దొరికే అరగంటలే. కాబట్టి ఒక కథల పుస్తకం, ఒక చిన్న నవల చాలు. బయల్దేరే ముందు ఒక లెక్క వేసుకోండి. గడియారం చూసుకుని పావుగంట చదివితే అయిదు పేజీలు అయ్యాయనుకుందాం, అంటే గంటకు 20. రోజుకు గంటన్నర చొప్పున మిగిలిన మూడు రోజులకు 90 పేజీలు. ఇంతకు మించి చదివేయాలని పుస్తకాలు పెట్టెలో పెడితే అవి మిమ్మల్ని చదివించవు, చూసినప్పుడల్లా బెంగ పెడతాయి.

నిదానం గురించి దిగులు పడొద్దు. అక్షరాలు రాక కాదు ఆగేది. ఒత్తుల దగ్గర, 'వెళ్ళిపోయాడనుకుంటున్నారేమో' లాంటి పొడుగు మాటల దగ్గర కన్ను తడబడుతుంది. దీనికి మందు మొదటి పది పేజీలు పెదవులు కదుపుతూ, చిన్నగా గొణుక్కుంటూ చదవడమే. చెవికి ఆ మాట ముందే తెలుసు కాబట్టి కంటికి దారి చూపిస్తుంది. రెండు మూడు రోజులు ఇలా చేస్తే పెదవులు వాటంతటవే ఆగిపోతాయి. పాత ముద్రణ చేతికొస్తే 'వాఁడు' అని కనిపిస్తుంది, మధ్యలో ఉన్నది అరసున్న, దాన్ని వదిలేసి 'వాడు' అనే చదువుకోండి. 'ఱ' కనిపిస్తే 'ర' అనుకోండి. ఈ రెండూ తెలియకే చాలామంది పాత పుస్తకాన్ని గ్రాంథికం అనుకుని మూసేస్తారు.

తెలియని మాట వచ్చిన ప్రతిసారీ ఫోన్ తీయొద్దు. నిఘంటువు కోసం తెరిచిన ఫోన్ రీల్స్ దగ్గర తేలుతుంది. పెన్సిల్‌తో పక్కన చుక్క పెట్టి ముందుకు సాగండి. గరిసె, ఉట్టి, చుట్టకుదురు, చూరు లాంటివైతే ఇంట్లో అమ్మమ్మనో నాయనమ్మనో అడగండి, అర్థం చెప్పడంతో ఆగరు, వస్తువు ఇంకా ఇంట్లో ఉంటే తీసి చూపిస్తారు. హాస్టల్లో ఉండగా దొరకని సౌకర్యం ఇది. మిగిలిన మాటలకు రాత్రి ఒక్కసారి ఆంధ్రభారతి వెబ్‌సైట్లో నిఘంటువు చూసుకుంటే చాలు.

ఏ పుస్తకమంటే, ముక్కల సమయానికి ముక్కల పుస్తకమే సరి. సత్యం శంకరమంచి 'అమరావతి కథలు'లో నూరు కథలున్నాయి, ఒక్కోటి మూడు నాలుగు పేజీలు. వంటింట్లోంచి పిలుపు వచ్చేలోపు ఒకటి అయిపోతుంది. మరీ నిదానంగా చదివేవాళ్ళకు పాత 'చందమామ' సంచికలు మేలు. 1947 జులైలో మొదలైన పత్రిక, అక్షరం పెద్దది, వాక్యం చిన్నది, పక్కనే బొమ్మ. పిల్లల పత్రిక కదా అని మొహమాట పడనక్కర్లేదు. నవల కావాలంటే మొక్కపాటి నరసింహశాస్త్రి 'బారిస్టర్ పార్వతీశం' మొదటి భాగం. మొగల్తూరు కుర్రాడు ఇంగ్లండు ప్రయాణం కట్టడం కాబట్టి కథ ఎక్కడ ఆపినా తర్వాతి మజిలీ దగ్గర అందుకోవచ్చు.

బావలు, మరదళ్ళు, పిన్నికూతుళ్ళు అందరూ ఉన్నప్పుడు విడిగా మూలన కూర్చుని చదివితే ఇంట్లోవాళ్ళకు కష్టంగా ఉంటుంది, మీకూ చదువు సాగదు. అందరూ కూడినప్పుడు నాటకం బయటికి తీయండి. గురజాడ 'కన్యాశుల్కం' తెలుగు వికీసోర్స్‌లో ఉచితంగా ఉంది. మొదటి అంకంలో సెలవులకు ఊరెళ్ళాల్సిన విద్యార్థి వెంకటేశం, వాడి గురువు గిరీశం మాట్లాడుకుంటారు. ఇద్దరు ముగ్గురుంటే చాలు, పాత్రలు పంచుకుని పైకి చదవచ్చు. మొత్తం ఏడు అంకాలు, ఒక్క రాత్రికి మొదటి రంగం దాటొద్దు. విజయనగరం యాస కంటితో చదివితే తికమక పెడుతుంది, నోటితో పలికితే నవ్వొస్తుంది. చత్వారం వచ్చి చదవడం మానేసిన పెద్దవాళ్ళు అరుగు మీద నుంచి వింటారు, అది చూడటానికైనా చేయండి.

ఇక వేళలు. భోగి ముందురాత్రి పుస్తకం పట్టుకుంటే తెల్లవారుజామున మంటకు లేవలేరు, ఆ రాత్రి వదిలేయండి. పండగ భోజనం చేసి మంచం మీద పడుకుని పుస్తకం తెరిస్తే పది నిమిషాల్లో అది ముఖం మీద ఉంటుంది. గోడకు ఆనుకుని కూర్చోండి, లేదా హాయిగా నిద్రపోయి లేచాక చదవండి. వారం మొత్తంలో మంచి వేళ పొద్దున ఏడున్నర నుంచి తొమ్మిది వరకు, ఎండ వీపున పడేలా వసారాలో. సెమిస్టర్లో బ్యాక్‌లాగ్ ఉంటే దానికి పొద్దున ఒక గంట విడిగా పెట్టి ముందే చదివేయండి. అప్పుడు కథల పుస్తకం పట్టుకుంటే అమ్మానాన్నలకు అభ్యంతరం ఉండదు, మీకూ లోపల పీకదు.

అన్నిటికన్నా మంచి రోజు కనుమ. 'కనుమ నాడు కాకైనా కదలదు' అంటారు కదా, ఊరు దాటకూడదు కాబట్టి ప్రయాణాల హడావుడి ఉండదు. పశువుల పూజ, మినపగారెలు అయ్యాక మధ్యాహ్నం నుంచి ఇల్లు నెమ్మదిస్తుంది. నవలలో ఎక్కువ భాగం ఆ రోజుకు దాచుకోండి.

అరిసెతో మాత్రం జాగ్రత్త. ఒక్క నూనె వేలిముద్ర పడితే మరక ఆ పేజీతో ఆగదు, వెనక నాలుగైదు పేజీలకు పాకుతుంది. పడిన వెంటనే ముఖానికి రాసుకునే పౌడరు చల్లి, పైన తెల్లకాగితం వేసి బరువు పెట్టి రాత్రంతా ఉంచితే చాలావరకు పీల్చుకుంటుంది. మర్నాడు చూద్దామంటే పోదు. జంతికలు, సకినాలు కూడా అంతే.

పుస్తకం ఇప్పుడే కొనాలంటే హైదరాబాద్ బుక్ ఫెయిర్ మామూలుగా డిసెంబరులో, విజయవాడ పుస్తక మహోత్సవం జనవరి మొదట్లో జరుగుతాయి, పండక్కి సరిపోతాయి. పాతవి హైదరాబాద్ ఆబిడ్స్‌లో ఆదివారం, విజయవాడ లెనిన్ సెంటర్లో ఎప్పుడైనా దొరుకుతాయి. పాత పుస్తకం అట్ట చూసి కొనొద్దు. పుస్తకాలు సాధారణంగా 16 పేజీల కట్టలుగా కుడతారు, ఒక్కో కట్టను ఫారం అంటారు. కుట్టు వదిలితే ఊడేది ఒక పేజీ కాదు, ఫారం మొత్తం. 16 తర్వాత 17, 32 తర్వాత 33, 48 తర్వాత 49 ఉన్నాయా అని చకచకా తిప్పి చూడండి. ఒక్క నిమిషం పని. చూడకపోతే కథ మధ్యలో 64 తర్వాత 81 వస్తుంది.

స్కాన్ చేసిన పీడీఎఫ్‌లు ఫోన్లో చదవాలనుకుంటే ఊరెళ్ళక ముందే దింపుకోండి, ఫైళ్ళు పెద్దవి, ఊళ్ళో సిగ్నల్ నమ్మలేం. ఫోన్ అడ్డంగా తిప్పి, పేజీ వెడల్పు తెరకు సరిపోయేలా పెట్టుకుంటే వేళ్ళతో లాగే బాధ తప్పుతుంది. చదివేటప్పుడు ఫోన్ ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో పెట్టండి. రాత్రి బస్సులో మటుకు ఏదీ చదవకండి, కుదుపులకు కడుపులో తిప్పుతుంది. పగటి రైలు అయితే కథలు బాగా సాగుతాయి.

30 పేజీలు చదివినా పట్టకపోతే ఆ పుస్తకం పక్కన పెట్టి రెండోది తీయండి, అందుకే రెండు. నవల సగంలో ఉండగా సెలవులు అయిపోతే, హాస్టల్‌కు చేరిన రాత్రే, పెట్టె సర్దకముందే, ఓ పది పేజీలు చదవండి. ఆ రాత్రి తప్పితే ల్యాబ్ రికార్డుల కింద పడి శివరాత్రికి గానీ కనపడదు, అప్పటికి పాత్రల పేర్లు మర్చిపోయి ఉంటారు.