కునుక్కి నెట్‌లో తిరిగే సరదా మాటలు: తాడిపత్రి నుంచి ఓ జవాబు

"నిద్ర గురించి ఆన్‌లైన్‌లో జనం వాడే తమాషా మాటలేంటి, మీ వైపు ఏమంటారు, ఏది ఎక్కడ వాడాలి?" అని అడిగారు. మాది తాడిపత్రి. చదివింది అనంతపురంలో, హాస్టల్లో ఉండి. ఆనాటి స్నేహితుల వాట్సాప్ గ్రూపు ఇంకా నడుస్తోంది కాబట్టి సరుక్కి కొదవ లేదు.

నన్నడిగితే ఈ మాటల్లో సగానికి పైగా సాకులే. మెసేజ్ చూసి జవాబివ్వకుండా పడుకున్నవాడు తప్పించుకోడానికి పుట్టించినవి. తెలుగులో ఆ వెసులుబాటు ముందునుంచీ ఉంది. "పడుకున్నాను" అంటే తప్పు మనది. "కన్నంటుకుపోయింది", "నిద్ర పట్టేసింది" అంటే తప్పు కంటిది, నిద్రది. ఫోన్లొచ్చాక ఆ నేరం బ్యాటరీ మీదికి పోయింది: "ఛార్జింగ్ పెట్టుకుంటున్నా", "ఫ్లైట్ మోడ్‌లో ఉన్నా", "షట్‌డౌన్ అయిపోయా".

మా గ్రూపులో ఎక్కువగా నడిచేది "కరెంటు పోయింది". మధ్యాహ్నం ఎవడైనా మాట మధ్యలో మాయమైతే "మామకు కరెంటు పోయినట్టుంది" అని ఒకడు పెడతాడు. "లైన్‌మన్‌కు ఫోన్ చేయండ్రా" అని ఇంకొకడు. సాయంత్రం వాడు తీరిగ్గా లేచి "ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయిందిప్పా" అంటాడు. ఎండాకాలం కరెంటు కోతల్లో పెరిగినవాళ్లకు దీన్ని విడమర్చి చెప్పక్కర్లేదు.

తిండికి సంబంధించినవి వేరే. బాగా తిన్నాక వచ్చే మత్తును అందరూ ఫుడ్ కోమా అంటారు కదా, మా వాళ్లకది "సంగటి కోమా". రాగి సంగటి, ఊరిబిండి పచ్చడి పట్టించాక రెప్పలు నిలబెట్టడం ఎవరి తరమూ కాదు. ఆదివారం పొద్దున మాత్రం "ఉగ్గాని, బజ్జి, బజ్జో" అని ఒకే లైను వస్తుంది. బొరుగులు తడిపి తాలింపు పెట్టిన ఉగ్గాని, పక్కన మిరపకాయ బజ్జి, ఆపైన మళ్లీ పక్క ఎక్కడం. ఇది కర్నూలు, అనంతపురం వాళ్లకు తప్ప వేరేవాళ్లకు పూర్తిగా అందదనుకుంటా.

ఇంకోటి, "నాప్‌రాయి". తాడిపత్రి, బేతంచెర్ల, కడప వైపు ఇళ్లల్లో నేలకు నాపబండలు పరుస్తారు. సున్నపురాయి జాతి, బయటివాళ్లు కడప బండ అంటారు. ఎండాకాలం మధ్యాహ్నం ఆ బండల మీద నీళ్లు చల్లి, తడిగుడ్డతో తుడిచి, చాప కూడా లేకుండా వాలిపోతే ఏసీ గుర్తుకు రాదు. లేచేసరికి రెండు బండల మధ్య సందు చెంప మీద గీతలా అచ్చు పడి ఉంటుంది. అందుకే చెంప మీద గీతతో ఎవరైనా ఫోటో పెడితే "నాప్‌రాయి మీద నాప్ కొట్టినావా" అని కామెంటు. మా అవ్వ కూడా అట్లే నడవలో వాలేది. గురక వీధి వాకిలి దాకా వినిపిస్తున్నా, లేపితే మాత్రం "నిద్ర యాడిదప్పా, ఊరికే కండ్లు మూసుకోనుంటి" అనేది. ఇప్పుడు మా గ్రూపులో "కండ్లు మూసుకోనుంటి" అంటే మూడు గంటల నిద్ర అని అర్థం.

హాస్టల్లో ఇంకో వినోదం. మేం "పండుకుంటా" అంటాం, కడప వైపునుంచి వచ్చినవాడు "పొనుకుంటా" అనేవాడు, గోదావరి వాడు "తొంగుంటా" అనేవాడు. ఆ మూడోది ఇప్పుడు మీమ్‌లలో బాగా పాకింది. ఎవడైనా అర్ధరాత్రి వాదనకు దిగితే "ఇంక తొంగో" అంటే చాలు, నోరు మూసుకోమని దాని భావం.

పాతవాటిలో కుంభకర్ణుడిని మించినవాడు లేడు. ఇంద్రాసనం అడగబోయి నిద్రాసనం అని నోరు జారాడని కథ. లోకంలో మొదటి ఆటోకరెక్ట్ బాధితుడు ఆయనే. "కుంభకర్ణ మోడ్" అంటే ఆదివారమంతా ఫోన్ ఎత్తడని లెక్క. ఆడపిల్లల గ్రూపుల్లో "ఊర్మిళ మోడ్" నడుస్తుందని మా చెల్లెలు చెప్పింది. లక్ష్మణుడి నిద్ర కూడా తనే తీసుకుని పద్నాలుగేళ్లు పడుకున్న ఇల్లాలు కాబట్టి, నాకైతే కుంభకర్ణుడి కంటే ఇదే నచ్చింది. మొగుడి డ్యూటీ కోసం పడుకున్నానని చెప్పుకోవచ్చు, సాకుల్లో అంతకంటే గట్టిది ఏముంటుంది?

రోజంతా మంచం దిగకుండా ఫోన్ చూస్తూ పడుండటాన్ని "బెడ్ రాటింగ్" అంటున్నారు, 2023లో బాగా పాకింది. నాకు నచ్చదు. మన "ముసుగు తన్నడం"లో ఉన్న దర్జా అందులో లేదు.

ఏది ఎక్కడ వాడాలన్నారు కదా. పెద్దవాళ్లతో "కాస్త నడుం వాల్చాను" చాలు, ఆఫీసు గ్రూపులో ఏదీ వద్దు. స్నేహితుల దగ్గర పైవన్నీ నడుస్తాయి, ఒక్క "జీఎన్ ఎస్‌డీ టీసీ" తప్ప. గుడ్ నైట్, స్వీట్ డ్రీమ్స్, టేక్ కేర్ అన్నమాట. ఒక ఎస్సెమ్మెస్‌లో ఇంగ్లీషు అక్షరాలైతే 160, తెలుగు లిపిలో అయితే 70 మాత్రమే పట్టే కాలంలో అలా కుదించక తప్పలేదు. ఇప్పుడు పంపితే మీ వయసెంతో అందరికీ తెలిసిపోతుంది.