విరేచనాలైతే అన్నం ఆపాలా?

ప్రశ్న: ఈ వానల్లో మా 14 నెలల బాబుకి రెండుసార్లు నీళ్ల విరేచనాలు పట్టుకున్నాయి. పాలు, అన్నం ఆపేసి గ్లూకోజు నీళ్లే పట్టమంటారు అత్తగారు. కేజీహెచ్ ఆసుపత్రికి ఎప్పుడు పరుగెత్తాలి?
– ఓ తల్లి, కంచరపాలెం

జవాబు: తల్లిపాలు ఆపకండమ్మా. మెత్తటి పప్పన్నం, పెరుగన్నం తింటే పెట్టండి. ఉత్త గ్లూకోజులో ఉప్పు ఉండదు. తీపి ఎక్కువైతే విరేచనాలు ఇంకా పెరుగుతాయి. ఆశా కార్యకర్త దగ్గర దొరికే ఓఆర్‌ఎస్ ప్యాకెట్ మొత్తం ఒక లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో కలపండి. గ్లాసులో చిటికెడు వేసి మిగతాది దాచేవాళ్లని రోజూ చూస్తుంటాను, నాకు ఒళ్లు మండుతుంది! విరేచనం అయిన ప్రతిసారీ 50 నుంచి 100 మిల్లీలీటర్లు, చెంచాతో. కక్కితే పది నిమిషాలాగి మళ్లీ మెల్లగా. మిగిలింది 24 గంటల తర్వాత పారబోయండి. జింక్ మందు రోజుకి 20 మిల్లీగ్రాములు, 14 రోజులు. విరేచనాలు తగ్గినా మానొద్దు. విరేచనాలు కట్టే మాత్రలు పసివాళ్లకి వద్దే వద్దు.

కళ్లు లోతుకుపోయినా, పొట్టమీద చర్మం పట్టి వదిలితే మెల్లగా సర్దుకున్నా, ఆరు గంటలుగా ఉచ్చ పోయకపోయినా, మలంలో రక్తం పడినా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి. బిడ్డ మత్తుగా పడుంటే, తాగలేకపోతే అర్ధరాత్రయినా 108కి ఫోన్ చేయండి.