నడిచే రోబో కడుతున్న మేనల్లుడికి

చిరంజీవి అల్లుడికి మామయ్య ఆశీస్సులు.

నువ్వు ఇంటి వెనక గదిలో నడిచే పోరాట రోబో కడుతున్నావని మీ అమ్మ ఫోనులో చెప్పినప్పుడు నాకు ముందు నవ్వు వచ్చింది, ఆ రాత్రి నిద్ర మాత్రం రాలేదు. చక్రాలతో ఎవరైనా చేస్తారు, నేను కాళ్లతో చేస్తానని అన్నావట. ఒకప్పుడు నేనూ అచ్చం అదే మాట అన్నాను. అందుకే గర్వపడాలో భయపడాలో తేలక, రెండూ ఈ ఉత్తరంలోనే పెడుతున్నాను.

లోహం కోయకముందే పోటీ నిబంధనలు చదువు. చాలా పోటీల్లో నడిచే రోబోకు చక్రాల రోబోకంటే ఎక్కువ బరువు అనుమతిస్తారు కానీ, ఎంత ఎక్కువ అన్నదీ, దేన్ని నడకగా ఒప్పుకుంటారన్నదీ పోటీని బట్టి మారుతుంది. 2001లో అమెరికా టీవీ రోబో పోరాటాల పోటీ బ్యాటిల్‌బాట్స్ మూడో సీజన్‌లో హెవీవెయిట్ విజేత అయిన సన్ ఆఫ్ వైయాచీ అనే రోబో నిజంగా అడుగు తీసి అడుగు వేసేది కాదు, ఒక పక్కకు ఉబ్బిన చక్రాల్లాంటి క్యామ్‌ల మీద కదిలే పాదాలతో నేలను తోసుకుంటూ జరిగేది. అయినా నడిచేవాటికి ఇచ్చే అదనపు బరువు దానికీ దక్కింది. అది గెలిచాక అలాంటి వాటికి ఆ వెసులుబాటు తీసేశారు. కాబట్టి నీ కాలు బొమ్మ గీసి నిర్వాహకులకు పంపి, వాళ్లు ఒప్పుకున్నట్టు రాతలో తెప్పించుకో.

ఒక్కో కాలికి మూడేసి చొప్పున ఆరు కాళ్లకు 18 సర్వోలు, అంటే చెప్పిన కోణానికి తిరిగి ఆగే చిన్న మోటార్లు, పెడదామనుకుంటున్నావని విన్నాను. బల్ల మీద అది సాలీడులా ముచ్చటగా నడుస్తుంది. బరిలో పాదానికి ఒక్క దెబ్బ తగిలిందంటే ఆ అదురు నేరుగా చిన్న సర్వో లోపలికి పోయి, గేర్ల పళ్లు రాలిపోతాయి. ఒక్కో పక్కకు ఒక గట్టి మోటారు, దానితో గుండ్రంగా తిరిగే చేయి, అదే క్రాంకు, ఆ క్రాంకుకు కడ్డీలు పెట్టి నడిపించు. ఇది కొత్త విద్యేమీ కాదు, రష్యా గణిత శాస్త్రవేత్త చెబిషెవ్ నడిచే యంత్రాన్ని 1878లోనే పారిస్ ప్రదర్శనలో పెట్టారు. డచ్ కళాకారుడు థియో యాన్సెన్ 1990 నుంచి సముద్రపు ఒడ్డున గాలికి నడిపిస్తున్న బొమ్మల కాలు చూడటానికి అందమైనదే కానీ, అందులో కీళ్లు ఎక్కువ. కాళ్ల రోబో అని పేరే గాని నిజానికి మనం కట్టేది కీళ్ల రోబో. ఒక్కో కీలులో ఉన్న కాస్త లూజు పాదం దగ్గరికి వచ్చేసరికి పోగై, కాలు తాగినవాడి కాలులా తూలుతుంది. (నా మోకాళ్లు ఇప్పుడు ఆ పాఠమే చెబుతున్నాయి.) 1990లలో అమెరికా ఇంజనీరు జో క్లాన్ రూపొందించిన కాలి కడ్డీల అమరిక నీకు సరిపోతుందని నా నమ్మకం. దాని క్రాంకు దాదాపు సగం చుట్టు తిరిగేటప్పుడు పాదం నేలను ఆనుకొని వెనక్కి జరుగుతుంది, మిగతా సగంలో పైకి లేచి ముందుకు వస్తుంది. ఏ క్షణంలో చూసినా కనీసం మూడు పాదాలు నేల మీద ఉండాలి, బరువంతా ఆ మూడింటి మధ్యే పడాలి.

కీళ్లకు అదురుకు వదులవని నైలాక్ నట్లు వాడు, రెండు కాళ్లు అదనంగా చేసి ఉంచు, పని చేసేటప్పుడు రక్షణ కళ్లద్దాలు తీయకు. ఇవి నీకు తెలిసినవే.

ఆయుధం మాటకొస్తే, మొదటి రోబోకు ఎదుటివాణ్ణి ఎత్తి పడేసే చెయ్యి చాలు. కొందరు ఆయుధంగా పెట్టే, పళ్లున్న ఇనుప డ్రమ్ము వేగంగా తిరిగేటప్పుడు తన ఇరుసును పక్కకు మళ్లనివ్వదు. రోబో తిరగబోతే ఒక వైపు పైకి లేస్తుంది. చక్రాల రోబో మళ్లీ సర్దుకుంటుంది, సగం కాళ్లు గాలిలో ఉన్నది మాత్రం బోర్లా పడుతుంది. డ్రమ్ము వేగం రెండింతలైతే దానిలో దాగే శక్తి నాలుగింతలవుతుంది. చెప్పినా నువ్వు డ్రమ్మే పెడతావని నాకు తెలుసు కనుక, ఇన్నేళ్లూ ఎవరికీ చెప్పనిది ఇప్పుడు చెబుతున్నాను.

మా గదిలోని చెక్క బీరువా తలుపుకు కింది భాగంలో ఒక చిల్లు ఉండేది, గుర్తుందా? సెలవులకు వచ్చినప్పుడల్లా అందులో పెన్సిళ్లు దూర్చి, లోపల టక్కున పడిన చప్పుడుకు పకపకా నవ్వేవాడివి. ఆ చిల్లు ఎలా పడిందంటే చెదలు కొట్టాయని చెప్పాను. చెదలు కొట్టలేదు.

నీకు నాలుగేళ్లప్పుడు ఒక సాయంత్రం నా రోబో మొదటిసారి ఎక్కడా ఆగకుండా పది అడుగులు వేసింది. క్రాంకులు దగ్గరగా చూద్దామని దాన్ని బల్ల మీద బోర్లించిన డబ్బాపై నిలబెట్టి, కాళ్లు గాలిలో ఆడించాను. డ్రమ్ము కదలకుండా పెట్టే లాక్ పిన్ను ఒక కడ్డీకి రాసుకుంటోంది. అయిదు నిమిషాల పనేగా అని పిన్ను తీసి జేబులో వేసుకున్నాను. అంతకుముందు రోజు రోబోలో సిగ్నలు అందుకునే రిసీవర్‌ను రిమోటుతో జత చేసినప్పుడు డ్రమ్మును నడిపే స్టిక్కు మధ్యలో ఉండిపోయింది. సిగ్నలు పోతే ఏం చేయాలో, జతచేసిన క్షణంలో స్టిక్కులు ఎక్కడున్నాయో దాన్ని బట్టే ఆ రిసీవర్ గుర్తుపెట్టుకుంటుంది. అంటే సిగ్నలు పోయిన వెంటనే డ్రమ్మును సగం వేగంతో తిప్పమని దానికి నేర్పినవాణ్ణి నేనే. ఆ సంగతి చూసుకోకుండా, నడక బాగుందన్న సంబరంలో, రోబో బ్యాటరీ తీయకుండానే ముందు రిమోటు ఆపేశాను.

డ్రమ్ము ఈల వేసినట్టు లేచింది. రిమోటు మళ్లీ ఆన్ చేస్తే ఆగేదే, కానీ బుర్ర కంటే ముందు చేతులు రోబో మీదికి పోయాయి. అవి అందేలోపే అది డబ్బా మీంచి ఒరిగింది, డ్రమ్ము పన్ను బల్లకు బిగించిన వైస్‌ను (వస్తువును పట్టి ఉంచే ఇనుప పట్టును) కొట్టింది, బోల్టు తల తెగి ఎగిరింది. అది ఎటు పోయిందో తెలుసుకోవడానికి చాలాసేపు పట్టింది. బీరువా తలుపులోంచి దూసుకుపోయి లోపలి పుస్తకాల కట్టలో ఇరుక్కుంది. అంతకు రెండు నిమిషాల ముందు నువ్వు ఆ తలుపుకే వీపు ఆనించి, నా స్క్రూలను పొడవు ప్రకారం వరసగా పేరుస్తూ కూర్చున్నావు. స్నానానికి మీ అమ్మ పిలిస్తే లేచి వెళ్లావు. వరస అలాగే ఉంది. ఆ రాత్రే రోబోను విప్పేశాను. మళ్లీ ఎందుకు కట్టలేదని నువ్వు అడిగినప్పుడల్లా తీరిక లేదన్నాను.

కాబట్టి వెధవా, జాగ్రత్తగా విను. డ్రమ్ము బెల్టు తీసేసి, కాళ్లు గాలిలో ఉంచి, రిమోటు ఆపి చూడు. ప్రతి మోటారూ ఆగితేనే బెల్టు వెయ్యి. జత మళ్లీ చేసిన ప్రతిసారీ ఈ పరీక్ష మళ్లీ చెయ్యి. మొదలుపెట్టేటప్పుడు పిన్ను ఉండగానే ముందు రిమోటు, తర్వాత రోబో ఆన్ చేసి, చివర్న పిన్ను తియ్యి. ముగించేటప్పుడు డ్రమ్ము పూర్తిగా ఆగాక ముందు పిన్ను పెట్టి, తర్వాత రోబో కరెంటు తీసి, చివర్న రిమోటు ఆపు. పిన్ను కాలికి అడ్డం వస్తే కాలు కొలత మార్చు. డ్రమ్ము తిప్పి చూడటం మూత ఉన్న పాలికార్బనేట్ (గట్టి పారదర్శక ప్లాస్టిక్) పెట్టెలోనే జరగాలి, గదిలో చిన్నపిల్లలు ఎవరూ ఉండకూడదు, తలుపు గడియ వేసి ఉండాలి.

లిపో (లిథియం పాలిమర్) బ్యాటరీ ఒక్కో సెల్లు 4.2 వోల్టులు దాటకూడదు, 3 వోల్టుల కిందికి దిగకూడదు. ఉబ్బినది వాడకు. ఛార్జింగు పెట్టి నిద్రపోకు.

ఆ పాలికార్బనేట్ పెట్టెకు కావలసిన షీట్లు నేనే కోయించి పంపుతున్నాను, కొలతలు రాయి. వాటితోపాటు ఆనాడు జేబులో వేసుకున్న పిన్ను కూడా ఎర్ర గుడ్డ ముక్క కట్టి పంపుతున్నాను. అది నీ డ్రమ్ముకు పట్టదు, బల్ల ముందు గోడకు వేలాడదియ్యి.

ఈ ఉత్తరం మీ అమ్మకు కూడా చూపించు. చెదల మాట తనూ నమ్మింది.

మీ మామయ్య