ధోనీ తగ్గాడని మన పిల్లాడూ తగ్గాలా?

ప్రశ్న: మాది కావలి. మా పిల్లోడు బీకాం చేశాడు. కృష్ణపట్నం పోర్టులో సరుకు క్లియరెన్స్ చూసే ఒక ఆఫీసువాళ్లు నెలకు 24 వేలని మాట్లాడి, తీరా చేరేముందు 17 వేలే అన్నారు. "ధోనీ అంతటోడే 4 కోట్లకు ఆడాడు, ఇప్పుడే డబ్బు చూసుకోకు" అన్నాడంట ఓనరు. వీడు సరేనంటున్నాడు. చేర్చమంటారా?

జవాబు: ధోనీ మాట నిజమేనండీ. 2022లో 12 కోట్లకు ఉన్న మనిషి 2025లో 4 కోట్లకు ఆడాడు. అయితే ఆ మిగిలిన డబ్బు ఎటు పోయిందో చూడండి. ఆ ఏడాది ఒక్కో ఐపీఎల్ జట్టు ఆటగాళ్లను కొనడానికి, అట్టిపెట్టుకోవడానికి పెట్టగలిగింది 120 కోట్లే. పెద్ద ఆటగాడు తగ్గితే ఆ సొమ్ముతో ఇంకో మంచి బౌలర్ని కొనుక్కోవచ్చు. జట్టు గెలవాలి, స్టేడియం నిండాలి, స్పాన్సర్లు రావాలి. ఓనర్లకు కావాల్సింది అది. ధోనీకి ప్రకటనల ఆదాయం వేరే ఉంది.

అమెరికా బాస్కెట్‌బాల్‌లోనూ ఇలాగే జేలెన్ బ్రన్సన్ అనే ఆటగాడు 2024లో న్యూయార్క్ నిక్స్ జట్టుతో నాలుగేళ్లకు సుమారు 15.6 కోట్ల డాలర్లకు సంతకం చేశాడు. ఇంకో ఏడాది ఆగితే అయిదేళ్లకు దాదాపు 27 కోట్ల డాలర్లు అడగగలిగేవాడు. అక్కడా జీతాలకు పరిమితి ఉంది కాబట్టి అతను వదిలిన డబ్బుతో జట్టు బలపడుతుంది. ఈలోపు గాయమైతే ఏమవుతుందోనన్న టెన్షన్ అతనికి తప్పింది.

మీ అబ్బాయి విషయంలో ఇవేవీ లేవు. వాడు వదులుకునే 7 వేలు పక్క సీటు కుర్రాడికి పోవు, ఓనరు దగ్గరే ఉంటాయి. కావలి నుంచి రోజూ తిరగలేడు, నెల్లూరులో రూము తీసుకోవాలి. 17 వేలల్లో అద్దె, తిండి పోను ఏం మిగులుతుంది? పైగా ఒకసారి ఒప్పుకున్న మాట మార్చడం నాకు అసలు నచ్చలేదు.

అలాగని వద్దనేయను. పోర్టు పని నేర్చుకుంటే మంచి భవిష్యత్తు ఉంది. బిల్ ఆఫ్ ఎంట్రీ (దిగుమతి సరుకు వివరాలతో కస్టమ్స్‌కి ఇచ్చే పత్రం) వేయడం వాడి చేతికిస్తారా, కస్టమ్స్ జీ కార్డు (క్లియరింగ్ ఆఫీసు ఉద్యోగి కస్టమ్స్ పని చూడటానికి ఇచ్చే కార్డు) పరీక్షకు పంపిస్తారా, ఆరు నెలలకు 24 వేలు చేస్తారా అని అడగమనండి. పీఎఫ్ సంగతి, బాండ్ ఏమన్నా ఉందా అన్నదీ తేల్చుకోవాలి. ఇవన్నీ ఆఫర్ లెటర్‌లో రాసిస్తే చేర్చండి. నోటిమాటే అంటే మాత్రం ఆగి, పోర్టు చుట్టుపక్కలే ఉన్న మిగతా క్లియరింగ్ ఆఫీసుల్లో అడగమనండి.